కార్యాలయం పేజీ, నాయకుడి పేజీ: రెండూ ఒకటిగా ఉండవచ్చునా?

ప్రశ్న: కొత్త ఉద్యోగి

అందరికీ నమస్కారం. కొన్నేళ్ల పాటు ఒక పత్రిక వెబ్ విభాగంలో పనిచేసి, ఇటీవలే ఒక నగర మేయరు కార్యాలయంలో డిజిటల్ సమాచార బాధ్యతలు చూసే ఉద్యోగంలో చేరాను. వార్త రాయడం, ఫొటో ఎంచుకోవడం, వీడియో కత్తిరించడం నాకు కొత్త కావు. ఎవరి తరఫున మాట్లాడుతున్నానో ప్రతి పోస్టుకూ ముందు తేల్చుకోవలసి రావడమే కొత్తగా ఉంది.

ప్రస్తుతం ఉన్న ఫేస్‌బుక్ పేజీ మేయరు గారి పేరు మీద ఉంది. ఎన్నికల ప్రచార సమయంలో మొదలుపెట్టిన పేజీ అది. గెలిచిన తరువాత పేరు ముందు పదవిని చేర్చి దానినే కొనసాగించారు. నీటి సరఫరా నిలిపివేత ప్రకటన, కౌన్సిల్ సమావేశం తేదీ, పార్టీ సభ ఫొటోలు, కుటుంబ వేడుకలు, అన్నీ అందులోనే ఒకదాని కింద ఒకటి వస్తుంటాయి. పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టు కింద ఎవరో పొంగుతున్న మురుగుకాలువ ఫొటో పెడతారు. దానికి జవాబు చెప్పేవారుండరు. ప్రచారంలో పనిచేసిన కుర్రవాళ్లలో కొందరికి ఇప్పటికీ అడ్మిన్ హక్కులు ఉన్నాయి, కానీ వారు ఇప్పుడు ఏం చేస్తున్నారో కార్యాలయంలో ఎవరికీ తెలియదు.

దీనికి తోడు, రోజూ విమర్శలు రాసే ఇద్దరిని బ్లాక్ చేయమనీ, ఇబ్బంది కలిగించే కామెంట్లను వచ్చినవి వచ్చినట్టు తీసివేయమనీ మేయరు గారి సన్నిహితులు నన్ను అడుగుతున్నారు. మేయరు గారు స్వయంగా ఆ మాట అనలేదు. కార్యాలయానికి వేరుగా ఒక పేజీ తెరవాలని నాకు అనిపిస్తోంది. అయితే ఇన్నేళ్లుగా కూడిన అనుచరులను వదులుకుని సున్నా నుంచి మొదలుపెట్టడం తెలివైన పనేనా? విమర్శకుల విషయంలో ఎక్కడ గీత గీయాలి? ఇటువంటి కార్యాలయాల్లో పనిచేసిన వారు తమ అభిప్రాయం చెబితే కృతజ్ఞుడిని.

సమాధానం: పౌరసంబంధాల పాత ఉద్యోగి

విడదీయండి. ఎన్నికలు దగ్గర పడేకొద్దీ ఈ పని చేయడం కష్టమవుతుంది కాబట్టి ఇప్పుడే విడదీయండి.

మీ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలుగా కనిపిస్తున్న పేజీ యాజమాన్యం, కామెంట్ల తొలగింపు నిజానికి ఒకే విషయం. అమెరికా సుప్రీంకోర్టు 2024 మార్చి 15న ఇచ్చిన ఒక తీర్పు ఈ చిక్కునే పరిశీలించింది. మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరాన్ నగర పాలనాధికారి ఒకరు తన ఫేస్‌బుక్ పేజీలో కుటుంబ విశేషాలతో పాటు నగర పాలన సంగతులూ రాసేవారు. కోవిడ్ సమయంలో నగరం తీసుకున్న చర్యలను విమర్శిస్తూ ఒక పౌరుడు పెట్టిన కామెంట్లను ఆయన తొలగించి, చివరకు ఆ వ్యక్తిని బ్లాక్ చేశారు. న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పిన కొలమానం ఇది: ఆ విషయంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ అధికారికి నిజంగా ఉండాలి, ఆ పోస్టులో ఆయన ఆ అధికారాన్ని వినియోగిస్తున్నట్టు కనిపించాలి. ఈ రెండూ ఉన్నప్పుడే ఆయన చేసిన తొలగింపు ప్రభుత్వం చేసిన పని అవుతుంది.

మీకు పనికివచ్చే అంశం ఆ తీర్పులో మరొకటి ఉంది. కామెంటును తొలగిస్తే ఆ ఒక్క పోస్టు వరకే చూస్తే సరిపోతుంది. మనిషిని బ్లాక్ చేస్తే మాత్రం ఆ పేజీలోని అన్ని పోస్టుల నుంచీ అతడిని దూరం పెట్టినట్టే అవుతుంది కనుక, సొంత విషయాలనూ పదవికి సంబంధించిన విషయాలనూ కలిపి నడిపే అధికారి ఎక్కువ ప్రమాదాన్ని తలకెత్తుకుంటున్నాడని కోర్టు స్పష్టంగానే చెప్పింది. ఆ తీర్పు ఆ దేశానికే వర్తిస్తుంది, ఇతర దేశాల చట్టాలు వేరు. అయినా అందులోని తర్కం ఎక్కడికైనా సరిపోతుందని నా ఉద్దేశం. సొంత పేజీలో ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మేయరు గారికి కావాలంటే, ఆ పేజీలో నీటి సరఫరా ప్రకటనలు ఉండకూడదు.

విడదీసేటప్పుడు కొత్త పేజీ పేరులో వ్యక్తి పేరు పెట్టవద్దు, పదవి పేరో కార్యాలయం పేరో మాత్రమే పెట్టండి. అమెరికా అధ్యక్ష పదవికి ట్విట్టర్‌లో ఉన్న ఖాతాను 2017 జనవరి 20న కొత్త అధ్యక్షుడికి అప్పగించి, అంతకుముందు ఒబామా రాసినవాటిని వేరే ఖాతాలో భద్రపరిచారు. మీది చిన్న నగరమైనా ఇదే పద్ధతి సాధ్యం. ఏ పోస్టు ఎక్కడికి వెళ్లాలో తేల్చడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: రేపు ఈ కుర్చీలో మరొకరు కూర్చున్నా ఈ పోస్టు పెట్టవలసి వస్తుందా? వస్తుందంటే కార్యాలయం పేజీలో పెట్టండి. కౌన్సిల్ తీర్మానం, రోడ్డు మూసివేత, పన్ను గడువు ఈ కోవలోకి వస్తాయి. పార్టీ సభ, ప్రత్యర్థికి ఇచ్చే జవాబు, కుటుంబ వేడుక రావు. మధ్యలో సందేహాస్పదమైనవి చాలా ఉంటాయి, ముఖ్యంగా ప్రారంభోత్సవాలు. వాటి విషయంలో, ప్రారంభమైన సౌకర్యం వివరాలు, వేళలు, అక్కడికి చేరే దారి కార్యాలయం పేజీలో రాసి, రిబ్బను కత్తిరించే ఫొటోను సొంత పేజీకి వదిలేస్తే పేచీ ఉండదు.

కామెంట్ల విషయంలో, ఏమి తీసివేస్తారో ముందే రాసి పేజీలో అందరికీ కనబడేలా ఉంచండి. బెదిరింపులు, కులమత దూషణలు, ఇతరుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, వ్యాపార ప్రకటనలు వంటివి ఆ జాబితాలో ఉండవచ్చు. ‘అవమానకరమైనవి’, ‘అనుచితమైనవి’ వంటి సాగే మాటలు మాత్రం వద్దు, ఎందుకంటే ప్రతి విమర్శా ఎవరో ఒకరికి అవమానంగానే తోస్తుంది. ఆ నియమాన్ని పొగిడేవారికీ వర్తింపజేయండి. ప్రత్యర్థిని బూతులు తిడుతూ మీ మేయరు గారిని ఆకాశానికెత్తే కామెంటును ఉంచి, తిరుగు జవాబును మాత్రమే తీసివేస్తే నియమం ఉన్నా లేనట్టే. తీసివేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, కారణం రాసి భద్రపరచండి. ఫేస్‌బుక్‌లో కామెంటును దాచే వీలు ఉంది కదా అని కొందరు అదే వాడతారు. దాచిన కామెంటు రాసిన వ్యక్తికీ అతడి స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అతడికి విషయం తెలియదని వారి ధైర్యం. తీసివేస్తే నియమం చూపించి తీసివేయాలి తప్ప, చాటుగా దాచడం నాకు నచ్చదు.

ఇక అడ్మిన్ హక్కుల సంగతి ఈ వారంలోనే తేల్చండి. ఫేస్‌బుక్ పేజీని నడపడానికి పాస్‌వర్డును ఎవరికీ ఇవ్వనక్కరలేదు; ఎవరి సొంత ఖాతా నుంచి వారికి తగిన మేరకే అనుమతి ఇవ్వవచ్చు, పని ముగియగానే తీసివేయవచ్చు. అదే సమయంలో అన్నీ మీ ఒక్కరి చేతిలోనే ఉండటం కూడా క్షేమం కాదు. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి దాడి జరగబోతోందని పొరపాటున అందరి ఫోన్లకూ హెచ్చరిక వెళ్లింది. అది తప్పుడు హెచ్చరిక అని ఫోన్లకు సందేశం పంపడానికి 38 నిమిషాలు పట్టింది. ఈలోగా ట్విట్టర్‌లో వెంటనే ప్రకటించలేకపోవడానికి కారణం అడిగినప్పుడు, తన లాగిన్ వివరాలు తనకు తెలియకపోవడమని గవర్నర్ డేవిడ్ ఇగే విలేకరుల ముందు అంగీకరించారు. కనీసం ఇద్దరు ఉద్యోగుల దగ్గర పూర్తి హక్కులు, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ అడిగే పద్ధతి), మూసిన కవరులో రికవరీ కోడ్లు (ఆ కోడ్ అందనప్పుడు వాడేవి) ఉండేలా చూడండి.

సమాధానం: వార్డు డెస్క్

పై మిత్రుడు చెప్పినవాటిలో అడ్మిన్ హక్కుల గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. పేజీని విడదీయడం గురించి మాత్రం అంత నిశ్చయంగా చెప్పలేను.

పెద్ద కార్యాలయాల్లో నలుగురైదుగురు సిబ్బంది ఉంటారు. ఒక కౌన్సిలరు దగ్గర పనిచేసే నాలాంటి వాడు ఒక్కడే ఫొటోలు తీయాలి, రాయాలి, కామెంట్లకు జవాబివ్వాలి, మధ్యలో ఫోన్లు ఎత్తాలి. రెండు పేజీలు తెరిస్తే వాటిలో ఒకటి కొద్ది నెలల్లోనే పాడుబడుతుంది. అది దాదాపు ఎప్పుడూ కార్యాలయం పేజీయే అవుతుంది, ఎందుకంటే సొంత పేజీ పాడుబడితే అడిగేవారుంటారు. జనం సంస్థలను అనుసరించరు, మనుషులను అనుసరిస్తారన్నది మరో సంగతి. 2010 డిసెంబరు చివరలో అమెరికాలోని న్యూఆర్క్ నగరాన్ని మంచు ముంచెత్తినప్పుడు అప్పటి మేయరు కోరీ బుకర్ తన ట్విట్టర్ ఖాతాలో వచ్చిన విన్నపాలకు తానే జవాబిస్తూ, పార పట్టుకుని మంచు తొలగించడానికి వెళ్లడం, బయటికి రాలేక ఇబ్బంది పడుతున్న ఒక ఇంటికి పసిపిల్లల డైపర్లు చేర్చడం అప్పట్లో బాగా ప్రచారం పొందాయి. నగరపాలక సంస్థ పేరుతో ఉన్న ఖాతాకు ఆ స్పందన వచ్చేదని నేను అనుకోను.

అందుచేత నా సలహా కొంచెం వేరు. పేజీలు రెండు ఉండనివ్వండి, కానీ కార్యాలయం పేజీని ప్రకటనల బోర్డులా మార్చవద్దు. అక్కడ కూడా మేయరు గారి గొంతు వినిపించాలి. వారు కౌన్సిల్ సమావేశం తరువాత రెండు నిమిషాలు నిలబడి, ఏ అంశం ఆమోదం పొందింది, ఏది వాయిదా పడింది, ఎందుకు పడింది అని చెప్పే వీడియో పదవికి సంబంధించినదే కదా. వాయిదా పడినవాటి గురించి కూడా చెప్పించగలిగితే పేజీకి విశ్వసనీయత దానంతట అదే వస్తుంది. అయితే చాలామంది నాయకులు దీనికి ఒప్పుకోరని ముందే చెబుతున్నాను. పాత పేజీలో వచ్చే ప్రతి ఫిర్యాదుకూ, దానిని కార్యాలయం పేజీకి పంపుతున్నామని జవాబిచ్చి లింకు పెడుతూ ఉంటే అనుచరులు నెమ్మదిగా తరలివస్తారు. ఒక్క రోజులో మార్పు రావాలని చూడవద్దు.

సమాధానం: పౌరసంబంధాల పాత ఉద్యోగి

సిబ్బంది కొరత వాదన నిజమే. అయితే బుకర్ ఉదాహరణ మీ వాదనకు ఎంత బలమో నా వాదనకూ అంతే బలం. ఆయన 2013లో అమెరికా సెనేటుకు వెళ్లినప్పుడు అనుచరులందరూ ఆయనతోనే వెళ్లారు. ఆ తరువాత మంచు కురిస్తే నగర ప్రజలు ఎవరిని అడగాలి? నాయకుడి గొంతు కార్యాలయం పేజీలో వినిపించాలన్న మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సమాధానం: అక్షరాల పరిశీలకురాలు

చర్చ పేజీల చుట్టూ తిరుగుతోంది కనుక, రోజువారీ పోస్టుల గురించి ఒక చిన్న మాట చెబుతాను. ప్రజాప్రతినిధుల పేజీల్లో ప్రకటనలన్నీ బొమ్మలుగానే వస్తాయి: రంగుల నేపథ్యం, ఒక పక్క నాయకుడి ఫొటో, మిగిలిన చోట చిన్న అక్షరాలలో సమాచారం. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్లు బొమ్మలో ఇరికించిన అక్షరాలను సరిగా చదువుతాయన్న నమ్మకం లేదు. పోస్టు పాఠంలో కూడా అదే సమాచారాన్ని పూర్తిగా రాయడం, బొమ్మకు వివరణ పాఠం జోడించడం పెద్ద శ్రమ కాదు. వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా నిష్పత్తి, కనీసం 4.5:1 ఉండాలి, పసుపు మీద తెల్ల అక్షరాలు ఆ దరిదాపులకు కూడా రావు. పార్టీ రంగుల మీద ప్రేమతో చదవలేని ప్రకటనలు తయారుచేసే కార్యాలయాలు చాలా ఉన్నాయి.

ప్రతి బొమ్మ మీదా సంవత్సరంతో సహా తేదీ వేయండి. ‘రేపు నీరు రాదు’ అన్న బొమ్మ వాట్సాప్‌లో తిరిగి తిరిగి మరుసటి ఏడాది మళ్లీ ప్రత్యక్షమవుతుంది. వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి: పౌరులందరినీ ఒక గ్రూపులో చేరిస్తే ఒకరి నంబరు మరొకరికి తెలుస్తుంది, ముఖ్యంగా మహిళలకు అది ఇబ్బంది. 2023లో వచ్చిన ఛానల్ సదుపాయంలో అనుచరుల నంబర్లు అడ్మిన్‌కు గానీ ఇతర అనుచరులకు గానీ కనిపించవు. ప్రకటనలకు అదే మేలు.

మళ్లీ అడిగినవారు: కొత్త ఉద్యోగి

అందరికీ ధన్యవాదాలు. మేయరు గారితో మాట్లాడాను. వేరే పేజీకి ఒప్పుకున్నారు, పేరులో తమ పేరు ఉండదన్న మాట విని కాసేపు మౌనంగా ఉన్నా కాదనలేదు. బ్లాక్ చేయమని అడిగిన ఇద్దరిలో ఒకరు రాసే విమర్శలన్నీ ఒకే వీధి దీపాల గురించి అని చూపించాక ఆ చర్చ కూడా ముగిసింది.

మరో రెండు సందేహాలు మిగిలాయి. ఫిర్యాదులు కామెంట్లలోనూ, మెసేజీల్లోనూ, ట్యాగుల్లోనూ వస్తున్నాయి. వాటికి నేను జవాబు రాయగలను, కానీ పని చేయవలసినది ఇంజినీరింగ్, పారిశుధ్య విభాగాలు. ఇక రెండవది, ఎన్నికలు ప్రకటించిన తరువాత నా ఉద్యోగం ఏమవుతుంది?

సమాధానం: ఫిర్యాదుల విభాగం

మీరు ఇప్పుడు అడిగిన మొదటి సందేహమే ఈ ఉద్యోగంలో అసలు పని అని నా అభిప్రాయం. బయటికి చెప్పడం ఎవరైనా నేర్చుకుంటారు. బయటి నుంచి వచ్చిన మాటను లోపలికి తీసుకువెళ్లి, కదలిక తెప్పించి, మళ్లీ జవాబుగా బయటికి తేగలిగిన వారు తక్కువ.

నగరపాలక సంస్థకు ఫిర్యాదుల నమోదు వ్యవస్థ ఇప్పటికే ఉంటే దానికి పోటీగా మరొకటి పెట్టకండి. కామెంటులో వచ్చిన ఫిర్యాదును మీరే అందులో నమోదు చేసి, వచ్చిన నంబరును అదే కామెంటు కింద జవాబుగా ఇవ్వండి. వ్యవస్థ లేకపోతే ఒక సాదా స్ప్రెడ్‌షీట్ చాలు: తేదీ, స్థలం, సమస్య, ఏ విభాగానికి పంపారు, ఎవరు తీసుకున్నారు, ఏమైంది. ‘మీ సమస్యను సంబంధిత అధికారుల దృష్టికి తీసుకువెళ్తాము’ అన్న వాక్యాన్ని వాడకండి. ప్రజలకు ఆ వాక్యం అర్థం బాగా తెలుసు. విభాగం తేదీ చెప్పనంత వరకు మీరు తేదీ చెప్పకండి. పని కాదని తేలితే కాదనే రాయండి, కారణంతో సహా. బాగు చేశారని విభాగం చెప్పగానే ‘పరిష్కారమైంది’ అని రాయకుండా, అక్కడి ఫొటో అడిగి తెప్పించుకోవడం అలవాటు చేసుకుంటే మీకూ మేయరు గారికీ చాలా తలనొప్పులు తప్పుతాయి. ఇంజినీర్లకు మొదట్లో ఇది నచ్చకపోవచ్చు. వారి పని పూర్తయినప్పుడు వారి విభాగం పేరు చెప్పి పోస్టు పెడితే కొంత మెత్తబడతారు.

మేయరు గారికి ఇచ్చే వారపు నివేదికలో లైకుల లెక్క వద్దు. ఏ వార్డు నుంచి ఏ సమస్య ఎక్కువగా వచ్చింది, పెండింగులో ఏవి పాతబడ్డాయి, ఏ ప్రశ్నను జనం పదేపదే అడిగారు అన్నవి ఒక పేజీలో ఇవ్వండి. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చిందంటే మీ ప్రకటన అర్థం కాలేదనో, చేరవలసిన చోటికి చేరలేదనో అర్థం. కౌన్సిల్‌లో మాట్లాడటానికి వారికి ఉపయోగపడేది ఆ కాగితమే. ఆ ఉపయోగం ఒకసారి కనిపించాక లైకుల గురించి అడగడం వారే మానేస్తారు.

విపత్తుల సమయంలో ఇదే వ్యవస్థ మరింత పనికివస్తుంది. 2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో వరదలు వచ్చినప్పుడు అక్కడి పోలీసు శాఖ ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో నిరంతరం సమాచారం ఇస్తూ, పుట్టుకొచ్చిన వదంతులను ఒక ప్రత్యేక హ్యాష్‌ట్యాగు కింద ఒక్కొక్కటిగా ఖండించింది. వారు అలా చేయగలగడానికి కారణం, జనం ఏం అనుకుంటున్నారో చదువుతూ ఉండటమే. అయితే అన్నింటినీ ఒకే వేదిక మీద ఆధారపరచవద్దు. న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏ 2023 ఏప్రిల్‌లో, ఆ వేదిక మీద నమ్మకం పోయిందంటూ ట్విట్టర్‌లో రైళ్లు, బస్సుల తాజా సమాచారం ఇవ్వడాన్ని కొంతకాలం ఆపివేసింది. సొంత వెబ్‌సైటూ, యాప్‌లూ ఉన్నాయి కాబట్టి ప్రయాణికులను అటు మళ్లించగలిగింది. మీ ప్రకటన ముందుగా నగరపాలక సంస్థ వెబ్‌సైటులో ఉండాలి. మిగిలినవన్నీ దానికి దారి చూపాలి.

ఎన్నికల సంగతికి వస్తే, నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో 1986 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం, ఒక పార్టీకి ప్రజల మద్దతును ప్రభావితం చేసేలా స్థానిక సంస్థ ప్రచార సామగ్రి ప్రచురించడాన్ని ఎన్నికలు ఉన్నా లేకపోయినా నిషేధిస్తుంది. ఐరోపా సమాఖ్యలో డబ్బు చెల్లించి వేయించే రాజకీయ ప్రకటనల పారదర్శకతపై 2025 అక్టోబరులో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చేసరికి ఫేస్‌బుక్ యజమాని మెటా, గూగుల్ అక్కడ అటువంటి ప్రకటనలు తీసుకోవడమే మానుకున్నాయి. భారత ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం అభ్యర్థి తన సోషల్ మీడియా ఖాతాల వివరాలు ఇవ్వాలి, సోషల్ మీడియాలో చేసే ప్రచార ఖర్చును ఎన్నికల ఖర్చులో చూపాలి. ఆ ఖర్చులో ఖాతాలు నడిపే సిబ్బంది జీతాలు కూడా చేరతాయి. భారతదేశంలో స్థానిక సంస్థల ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘాలు కనుక, మీరు అక్కడ పనిచేస్తుంటే వాటి ఉత్తర్వులు విడిగా చదవాలి.

ఎక్కడైనా అడగవలసిన ప్రశ్న మాత్రం ఒకటే: మీ జీతం ఎవరు ఇస్తున్నారు? ప్రజాధనం నుంచి వస్తుంటే ప్రచార పేజీని ముట్టుకోకండి, రాత్రి ఇంటికి వెళ్లాక సాయంగా చేస్తానన్నా సరే. మేయరు గారు సొంతంగా ఇస్తుంటే ప్రచారం చేయవచ్చు, కానీ అప్పుడు కార్యాలయం పేజీ అడ్మిన్ హక్కులను ముందుగానే నగరపాలక ఉద్యోగి ఒకరికి రాతపూర్వకంగా అప్పగించి తప్పుకోండి. మీరు తీసిన ఫొటోలు, వీడియోల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కార్యాలయం కెమెరాతో, కార్యాలయం వేళల్లో తీసిన ఫొటో ప్రచార కరపత్రంలో కనిపిస్తే మొదట వివరణ అడిగేది మిమ్మల్నే. నియామకపు ఉత్తర్వులో ఈ విషయాలేవీ లేకపోతే, ఇప్పుడే ఒక లేఖ రాసి కమిషనరు కార్యాలయం నుంచి జవాబు తీసుకుని దగ్గర ఉంచుకోండి.